చేదెక్కిన స్మూతీ, చెంచాడు దాల్చినచెక్క

ప్రశ్న: మా ఆఫీసు కింద జ్యూసు షాపులో మసాలా స్మూతీ అని అమ్ముతున్నారు. గ్లాసు 220 రూపాయలు. రుచి బాగుంది గానీ రోజూ కొనలేం కదా అని ఇంట్లో మొదలుపెట్టాను. ఒక కప్పు బొప్పాయి ముక్కలు, రెండు అరటిపళ్ళు, గ్లాసు పాలు, రెండు పెద్ద చెంచాల తేనె, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, కాస్త పసుపు వేసి మిక్సీలో తిప్పి, ఫ్రిజ్‌లో పెట్టి గంటాగి తాగుతున్నాను. చేదుగా, జిగురుగా ఉంటోంది. దాల్చినచెక్క రోజూ తీసుకుంటే బరువు, షుగరు రెండూ తగ్గుతాయని విని మా అత్తగారికి కూడా ఇద్దామనుకున్నాను. ఆవిడకు పన్నెండేళ్ళుగా షుగరు. మా తొమ్మిదేళ్ళ బాబు వాసన చూసే పారిపోతున్నాడు. ఎక్కడ తేడా కొడుతోంది? పొద్దున్నే టైము ఉండదు, రాత్రే చేసి పెట్టుకోవచ్చా?
— పేరు వేయవద్దన్న పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ గ్లాసులో ఉన్నది ఒక గొడవ కాదు, రెండు. చేదు బొప్పాయికీ పాలకీ పడకపోవడం వల్ల. జిగురు దాల్చినచెక్క వల్ల. తేనె సంగతి వేరే ఉంది, దానికి తర్వాత వస్తాను.

ముందు చేదు. బొప్పాయిలో పపైన్ అనే ఎంజైము ఉంటుంది. ముదురు మాంసం ఉడకనంటే పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు చూడండి, అక్కడ పనిచేసేది ఇదే. మాంసంలోని ప్రొటీన్లను విరగ్గొట్టినట్టే పాలలో ఉన్న ప్రొటీన్లనూ విరగ్గొడుతుంది. అలా విరిగిన ముక్కల్లో కొన్ని నాలుకకు చేదుగా తగులుతాయి. పండిన బొప్పాయిలో పపైన్ పచ్చికాయలో కన్నా బాగా తక్కువే. కానీ మీరు దానికి గంట టైము ఇస్తున్నారు, అది చాలు. ఫ్రిజ్ చల్లదనం ఆ పనిని నిదానం చేస్తుందే గానీ ఆపదు. నమ్మకం కుదరకపోతే ఈసారి తిప్పిన వెంటనే రెండు గుక్కలు తాగి, మిగతాది గంటాగి తాగి చూడండి.

అనాసపండుదీ ఇదే వరస, ఇంకాస్త దూకుడుగా. దానిలో ఉండేది బ్రోమెలైన్. పెరుగుతో కలిపినా కాసేపటికి చేదెక్కుతుంది. అనాసను పాలతోనో పెరుగుతోనో తాగాలనిపిస్తే ముక్కల్ని గిన్నెలో వేసి రెండు మూడు నిమిషాలు కుతకుత ఉడకనిచ్చి, పూర్తిగా చల్లార్చి అప్పుడు మిక్సీలో వేయండి. వేడికి ఎంజైము చచ్చిపోతుంది. కివీ పండుకూ ఇదే మాట. పచ్చి అల్లం కూడా ఈ గుంపులోదే. అల్లం టీ పెట్టేటప్పుడు అల్లాన్ని ముందు నీళ్ళలో మరగనిచ్చి, ఆ తర్వాతే పాలు పోస్తాం. ఆ వరస తప్పితే ఒక్కోసారి పాలు విరిగిపోవడం మీరూ చూసే ఉంటారు.

కాబట్టి బొప్పాయిని పాలతో కలపకండి. దానికి బత్తాయి రసం బాగా కుదురుతుంది. బొప్పాయికి తీపి ఉంటుంది, మెత్తదనం ఉంటుంది, పులుపు మాత్రం అస్సలు ఉండదు. ఆ లోటు బత్తాయి తీరుస్తుంది. బత్తాయి దొరకని రోజు నిమ్మరసం పిండుకోండి. కొబ్బరినీళ్ళు కూడా పరవాలేదు గానీ అప్పుడూ నిమ్మచెక్క తప్పనిసరి. ఒక జాగ్రత్త: బత్తాయి తొనల్ని గింజలతో సహా మిక్సీలో వేసి తిప్పేయకండి. గింజల్లో, తొన మీద తెల్లటి పొరలో ఉన్న పదార్థం రసంలో కలిసి, కాసేపటికి చేదుగా మారుతుంది. పాలు తీసేసినా మళ్ళీ చేదే వచ్చిందని నాకు ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది. విడిగా పిండుకుని రసం పోయండి.

ఇక దాల్చినచెక్క. చెంచాడు పొడి ఒక గ్లాసుకు చాలా ఎక్కువ. రుచి మాట పక్కన పెట్టండి, ఆ పొడికి నీళ్ళు తగిలితే ఉబ్బి జిగురు వదులుతుంది. సబ్జా గింజలు నానితే చుట్టూ పొర కట్టినట్టు ఇదీ బంక కడుతుంది. గంట నానబెడితే మరీను.

జిగురు ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. మన కిరాణా కొట్లలో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా దొరికేది కేసియా అనే రకం. బిర్యానీలో వేసేది అదే: మందంగా, గరుకుగా, చేత్తో విరిస్తే టక్కున విరిగే చెక్క. అసలు దాల్చిన వేరు, శ్రీలంక రకం. కాగితాల్లా పల్చటి పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని చుట్ట లాగా ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. ధర కూడా ఎక్కువే. కేసియాలో కూమరిన్ అనే పదార్థం బాగా ఉంటుంది. శ్రీలంక రకంలో అది నామమాత్రం. కూమరిన్ రోజూ ఎక్కువగా పడితే కొందరిలో లివరు దెబ్బతింటుంది. యూరప్ ఆహార భద్రత సంస్థ పెట్టిన హద్దు రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. 25 కిలోల పిల్లవాడికి రెండున్నర. కేసియా పొడి ఒక్క టీస్పూనుతోనే ఆ హద్దు దాటిపోవచ్చు. అప్పుడప్పుడూ బిర్యానీలో అంగుళం ముక్క వేసుకునేవాళ్ళు దీని గురించి భయపడక్కర్లేదు. ప్రతిరోజూ చెంచా లెక్కన తాగేవాళ్ళు మాత్రం ఆలోచించాలి, మీరిప్పుడు చేస్తున్నది అదే కదా.

గ్లాసుకు రెండు వేళ్ళతో తీసిన చిటికెడు చాలు, అదీ రోజు విడిచి రోజు. రోజూ కావాలంటే శ్రీలంక రకం కొనుక్కోండి. పొడి కొనొద్దు, పొడిలో ఏ రకం కలిపారో కంటితో చెప్పలేం. చెక్క కొని ఇంట్లోనే కొట్టుకోండి.

షుగరు తగ్గుతుందన్న మాటకు వస్తే, దాల్చినచెక్క మీద ప్రయోగాలు జరిగిన మాట నిజమే గానీ వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. దాన్ని నమ్ముకుని మందు బిళ్ళ మానేయడమో, తగ్గించడమో మీ అత్తగారు చేయకుండా చూడండి. బరువు తగ్గడం కూడా అంతే. పసుపు విషయంలో కూడా ఇలాంటి ప్రచారమే ఉంది. మిరియాలు తోడైతే పసుపులోని కర్కుమిన్ ఒంటికి బాగా పడుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు చూపించిన మాట వాస్తవం. కానీ వాళ్ళు ఇచ్చింది 2 గ్రాముల కర్కుమిన్. మన పసుపులో కర్కుమిన్ నూటికి మూడు పాళ్ళ చొప్పున వేసుకుంటే, 2 గ్రాములు రావాలంటే అరవై, డెబ్బై గ్రాముల పసుపు మింగాలి! స్మూతీలో అర చెంచా దాటితేనే పచ్చివాసన కొట్టి నోట పెట్టలేం. రంగు కోసం, ఆ మట్టి రుచి ఇష్టమైతే రుచి కోసం, చిటికెడు వేసుకోండి. లేదంటే మానేయండి, నష్టమేమీ లేదు.

అయితే మసాలా ఎందుకు వేయాలి అంటారా? తీపి తక్కువైనా నోటికి వెలితి అనిపించకుండా ఉండటానికి. నా మటుకు స్మూతీలో మసాలాకు ఉన్న పని అదొక్కటే, అది చిన్న పనేమీ కాదు. యాలకులు, దాల్చినచెక్క, జాజికాయ వాసనను మన నోరు ఎప్పటినుంచో పాయసాలతో, పాకాలతో ముడిపెట్టుకుంది. ఆ వాసన తగిలితే అసలున్న దానికంటే తియ్యగా ఉన్నట్టు తోస్తుంది. ఉప్పు రవ్వంత పడితే చేదు, వగరు అణిగి తీపి పైకి తేలుతుంది. మీరేమో మసాలాతో పాటు తేనె కూడా దట్టించారు.

తేనె లెక్క చూడండి. రెండు పెద్ద చెంచాల తేనెలో చక్కెర సుమారు 34 గ్రాములు. రెండు అరటిపళ్ళలో ఓ పాతిక, బొప్పాయిలో పది పదకొండు. పాలలో సహజంగా ఉండేది వదిలేసినా 70 గ్రాములు. పంచదార చెంచాకు 4 గ్రాములనుకుంటే పదిహేడు చెంచాలు. టీలో అన్ని చెంచాలు వేసిస్తే తాగుతారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, విడిగా కలిపే చక్కెరలు రోజు మొత్తం శక్తిలో నూటికి 10 పాళ్ళ లోపు ఉండాలి, 5 లోపు ఉంటే మరీ మంచిది. 2,000 కేలరీల తిండికి ఆ 5 పాళ్ళంటే 25 గ్రాములు. తేనె, పండ్లరసం రెండూ ఈ లెక్కలోకే వస్తాయి. తేనె సహజం కదా అన్నది మనకు మనం చెప్పుకునే సర్దుబాటు. బెల్లమైనా, ఖర్జూరం పాకమైనా అంతే. బ్రిటన్‌లో అయితే స్మూతీని కూడా రసంతో పాటే కట్టి, రెండూ కలిపి రోజుకు 150 మిల్లీలీటర్లు దాటవద్దని వాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య సేవ చెబుతుంది. అంటే మన చిన్న టీ గ్లాసుకు కాస్త పైన. పీచు పోదు కాబట్టి వడకట్టిన రసం కన్నా స్మూతీ నయం. నమిలి తిన్న పండు దానికన్నా నయం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కూడా రసాల కన్నా పండునే తినమంటారు.

అందుకే నేను పెట్టుకున్న నియమం ఒక గ్లాసుకు ఒక మనిషి కూర్చుని తినగలిగే పండు. ఒక అరటిపండు, లేదా ఒక చిన్న మామిడి, లేదా కప్పు బొప్పాయి. మూడూ కలిపి కాదు.

ఏ పండుకు ఏ మసాలా అన్నదానికి జ్యూసు షాపు బోర్డు చూడక్కర్లేదు. శ్రీరామనవమి పానకం మీకు తెలిసిందే: బెల్లం నీళ్ళలో మిరియాలు, యాలకులు, శొంఠి. అంత తీపిని గొంతు దాకా మోయకుండా మధ్యలో విరిచేది ఆ మిరియాల ఘాటే. ఇవే మూడూ బాగా పండిన మామిడికీ సరిపోతాయి. బంగినపల్లి అయితే పీచు ఉండదు, నేరుగా మిక్సీలో వేయొచ్చు. రసాలైతే చేత్తో పిండి, పీచు తీసేసి వాడండి. అర కప్పు కమ్మటి పెరుగు, రెండు యాలకుల గింజలు, పావు చెంచా కన్నా తక్కువ శొంఠి. మిరియాలు ఇష్టమైతేనే.

జామకు మనవాళ్ళు ఉప్పూ కారం అద్దుకుని తినడం ఉంది కదా, గ్లాసులోనూ అదే చేయండి. బండి మీద కాయను నాలుగు చీలికలుగా కోసి, లోపల ఎర్రటి కారం రాసిచ్చే రుచి అది. దోరకాయ కాదు, వేలితో నొక్కితే మెత్తగా దిగే పండు తీసుకుని, చల్లటి నీళ్ళు పోసి తిప్పి, ఒక్క దీన్ని మాత్రం జల్లెడలో వడకట్టండి. జామగింజలు మిక్సీకి లొంగవు, ఇసుకలా పంటి కింద పడతాయి. తర్వాత ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, అర చిటికెడు కారం, నిమ్మరసం. పైగా జామలో విటమిన్ సి నూరు గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాములు, నారింజకు నాలుగు రెట్లు. మీ ఇంట్లో ఒక్కటే స్మూతీ చేస్తానంటే నా ఓటు దీనికే.

సపోటాకు యాలకులు. జాజికాయ కూడా బాగుంటుంది గానీ గీకినప్పుడు గోరంత రాలితే చాలు, ఎక్కువైతే తల తిరుగుతుంది. అనాసకు మిరియాలు. పుచ్చకాయను స్మూతీ చేయాలనుకోకండి, నీళ్ళు నీళ్ళుగా ఉంటుంది, ముక్కలు తినేయండి. సీతాఫలం దొరికే రోజుల్లో గుజ్జు చాలా బాగుంటుంది, కానీ గింజ ఒక్కటి కూడా మిక్సీలో పడకూడదు. ఆ గింజల పొడి విషం, కంట్లో పడితే కన్ను బాగా దెబ్బతింటుంది. గుజ్జును చేత్తో తీసి, గింజల్ని లెక్కపెట్టి మరీ పారేసేంత జాగ్రత్త ఉంటేనే దాని జోలికి వెళ్ళండి.

మసాలా పొడులు సీసాల్లో నెలల తరబడి ఉన్నవైతే ఎంత వేసినా ఎక్కవు. అందుకే చెంచాలు పెరుగుతాయి. జీలకర్రను ఉత్త మూకుడులో సన్నటి సెగ మీద వేయించండి. ముందు ఏమీ ఉండదు, తర్వాత గింజలు ఒకటీ అరా చిటపటమంటాయి, రంగు ఒక ఛాయ ముదురుతుంది, వాసన గుప్పున వంటింటి గుమ్మం దాటుతుంది. అక్కడే దించేయాలి, మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి. పళ్ళెంలో పోసి చల్లారాక రోట్లో నాలుగు దంపులు. వారానికి సరిపడా చేసుకుంటే చాలు. యాలకుల్ని వేయించొద్దు, అప్పటికప్పుడు పొట్టు తీసి గింజల్ని నలిపి వేయండి. ఈ పరిమళాలన్నీ నూనెల్లో ఉండేవి, నీళ్ళ కన్నా కొవ్వుకు బాగా అంటుకుంటాయి. కాబట్టి మీగడ ఉన్న పెరుగో, నానబెట్టిన నాలుగు జీడిపప్పులో, చెంచాడు వేయించిన పల్లీలో గ్లాసులో ఉంటే అదే మసాలా రెట్టింపు తెలుస్తుంది.

మీ బొప్పాయిని ఇలా చేసి చూడండి. కప్పు బాగా పండిన ముక్కల్ని ముందే ఫ్రీజర్‌లో గట్టిపడనివ్వండి. మిక్సీ పెద్ద జారులో ముందు ఒక బత్తాయి రసం పోసి, తర్వాత ముక్కలు వేయండి. ద్రవం అడుగున లేకపోతే గడ్డకట్టిన ముక్కలు బ్లేడు చుట్టూ ఇరుక్కుని మోటారు మూలుగుతుంది. మూడు నాలుగు సార్లు ఆపి ఆపి తిప్పి, ముక్క నలిగాక అర నిమిషం వదలండి. మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే కాలిపోయిందని కంగారుపడొద్దు. లోడు ఎక్కువై కట్ అయి ఉంటుంది, ప్లగ్గు తీసి, కాసేపు చల్లబడనిచ్చి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. ఆఖర్న నాలుగైదు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, ఉప్పు రవ్వంత చేర్చి ఇంకొక్క తిప్పు. తేనె అక్కర్లేదు. ఐసు ముక్కలు కూడా వద్దు. చల్లదనం పెరిగినకొద్దీ నాలుకకు తీపి తక్కువ తెలిసి, మళ్ళీ చెయ్యి తేనె సీసా మీదకే పోతుంది.

పచ్చళ్ళు రుబ్బే జారైతే వెల్లుల్లి వాసన వదలదు. మీ బాబు పారిపోవడానికి అది కూడా ఒక కారణమేమో చూడండి. మూత లోపలి రబ్బరు వాషరు ఊడదీసి విడిగా కడగాలి, వాసనంతా దాక్కునేది అక్కడే.

పాలు కావాలనుకున్న రోజు అరటిపండు. ఒక చక్కెరకేళి, అర గ్లాసు కాచి చల్లార్చిన పాలు లేదా పెరుగు, చెంచాడు వేయించిన పల్లీలు, రెండు యాలకుల గింజలు. తొక్క మీద మచ్చలు వచ్చిన పండైతే దానికదే తీపి. ఇది ఇడ్లీల తర్వాత తాగేది కాదు, రెండు ఇడ్లీలు మానేసి తాగేది. లేకపోతే బరువు తగ్గడం అటుంచి పెరుగుతారు. తాగినదానికి నమిలినంత కడుపు నిండదు, పదింటికి మళ్ళీ ఆకలేస్తుంది. పల్లీలు వేయమన్నది అందుకే.

మీ అత్తగారికి స్మూతీ ఇవ్వకుండా పండు ముక్కలే ఇవ్వండి. కప్పు బొప్పాయి, లేదా ఒక జామకాయ, మీద మిరియాలు చల్లి. కోడలు తాగుతుంటే తనకెందుకు లేదనే రకం అయితే, జామ స్మూతీ సగం గ్లాసు టిఫిను తగ్గించి ఇచ్చి, టిఫిను మొదలుపెట్టిన రెండు గంటలకు ఇంట్లో మిషనుతో షుగరు చూడండి. ఆవిడ ఒంటికి ఎంత పడుతుందో ఆ అంకె చెబుతుంది. పన్నెండేళ్ళ షుగరు కాబట్టి కిడ్నీ పరీక్షలు ఈమధ్య చేయించారో లేదో కూడా అడగండి. క్రియాటినిన్ పెరిగి ఉంటే అరటిపండు, కొబ్బరినీళ్ళు డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ.

బాబును బతిమాలకండి. కొన్నాళ్ళు స్మూతీ మాటే ఎత్తకుండా, స్కూలు నుంచి వచ్చాక ఉప్పూ కారం జామ ముక్కలు పెట్టండి. తాగాలనిపిస్తే మామిడికాయల రోజుల్లో మిక్సీ దగ్గరికి వాడే వస్తాడు. దాల్చినచెక్క మాత్రం వాడి గ్లాసులో వేయొద్దు, యాలకులు చాలు.

ఇక రాత్రే చేసి పెట్టుకోవడం. వద్దు. అరటిపండు నల్లబడుతుంది, బొప్పాయి సంగతి చెప్పాను, మసాలా వాసన తేలిపోతుంది. దాని బదులు ఆదివారం నాడు పండ్లు కోసి, ఒక్కో గ్లాసుకు సరిపడా ముక్కల్ని చిన్న డబ్బాల్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. అరటిపండు తొక్క తీసి, చక్రాలుగా కోసి పెట్టొచ్చు, గడ్డకట్టాక తిప్పితే ఐస్‌క్రీములా చిక్కగా వస్తుంది. జీలకర్ర పొడి సీసా, మిరియాల డబ్బా మిక్సీ పక్కనే ఉంచుకుంటే, పొద్దున జారు కడగడంతో సహా అయిదు నిమిషాల పని. బత్తాయి మాత్రం అప్పటికప్పుడే పిండండి.